చెప్పి వెళ్లిన ధర్మము
(యుద్ధకాలపు ప్రేమకథలను గూర్చి నిజాంపేటలో చేసిన స్మారకోపన్యాసము)



ఈ ఉపన్యాసమును తమ మాతృమూర్తి స్మృత్యర్థము నెలకొల్పిన సోదరులు నాకు విధించిన నియమము ఒక్కటే: ఆమె గుణకీర్తనము చేయవలదు, ఆమె మెచ్చెడి విషయమును గూర్చి ప్రసంగింపుడని. పల్నాటి సీమలో పుట్టి, కారెంపూడి తిరునాళ్లలో వీరవిద్యావంతుల గానము వినుచు పెరిగి, కుమారులకు హైటెక్ సిటీలో కొలువులు కుదురుటచే ముదిమిలో ఈ నిజాంపేటకు వచ్చి స్థిరపడిన ఆ తల్లికి వీరగాథలన్నను చలనచిత్రములన్నను సమానమైన ప్రీతి యుండెడిదట. కావున ఆ రెండును కలియు చోటునే నేటి ప్రసంగమునకు విషయముగా గైకొంటిని. యుద్ధము వచ్చిపడినపుడు ప్రేమకును కర్తవ్యమునకును నడుమ మనుష్యుడు పడు సంఘర్షణమెట్టిది? దానిని మన తెలుగు చిత్రములు ఏ తీరున చూపినవి? అందుండి మనము గ్రహింపవలసిన దేమి?

యుద్ధకాలపు ప్రేమకథను గూర్చి లోకములో ఒక తీర్మానము బహుకాలముగా ప్రచారమున నున్నది. ప్రేమ ఇద్దరికి సంబంధించినది, కర్తవ్యము పదిమందికి సంబంధించినది. పదిమంది కొరకు ఇద్దరి సుఖమును విడుచుటయే ఉత్తమమార్గమని ఆ తీర్మానము. వినుటకు సబబుగనే యుండును గాని, ఈ లెక్కలో ఒక లోపము కలదు. త్యాగము చేసితినని కీర్తి పొందువాడు తన సుఖముతోబాటు తన్ను నమ్మిన మరియొక ప్రాణి సుఖమును గూడ త్యజించుచున్నాడు. స్వార్జితమును దానము చేయుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. ఉమ్మడి ఆస్తిని దానము చేయవలెనన్న రెండవ భాగస్వామి చేవ్రాలు కావలెను. కాలమునకు నిలిచిన యుద్ధప్రేమకథలన్నిటి యందును ఈ చేవ్రాలును గూర్చిన ప్రశ్నయే ప్రాణమై యున్నదని నా విశ్వాసము. ఎవని కర్తవ్యము తన్ను ప్రేమించిన వ్యక్తికి దాపరికము లేక చెప్పదగినదై, ఆ వ్యక్తి కన్నులు తెరచి అంగీకరింపదగినదై యుండునో, వాని కర్తవ్యము ప్రేమకు శత్రువు గాజాలదు. చెప్పనొల్లక చేసిన త్యాగము ఎంత గంభీరమైన పేరు పెట్టుకొన్నను శంకింపదగినదే. ఈ అభిప్రాయమును కొన్ని కథలపై నుంచి పరీక్షింతము.

మొదట పల్నాటి కథ. పండ్రెండవ శతాబ్దమున గురజాలలో నలగామరాజు, మాచెర్లలో మలిదేవరాజు అను దాయాదుల నడుమ పుట్టిన కలహము, నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు అను ఇద్దరు మంత్రుల నడుమ వైరముగా పెరిగి, కోడిపోరుగా వికటించి, మాచెర్లవారి ఏడేండ్ల ప్రవాసమునకు దారితీసి, రాయబారిగా పోయిన అలరాజు విషప్రయోగమున హతుడగుటతో కట్టలు తెంచుకొని, తుదకు నాగులేటి యొడ్డున కారెంపూడిలో రణమై పరిణమించిన వృత్తాంతము తెలుగువారికి సుపరిచితము. శ్రీనాథుని పేర ద్విపదలో నిలిచిన ఆ వీరచరిత్రమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో పరిష్కరించి ప్రకటించుటచే పండితలోకమునకు అది అందినది. అంతకు పూర్వమును, దాని తరువాతను, వీరవిద్యావంతులు తరతరములుగా దానిని పాడుచునే యున్నారు. నేటికిని కార్తీక అమావాస్య మొదలుకొని రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అను పేరులతో ఐదు దినములు కారెంపూడిలో వీరారాధనము జరుగుచున్నది. ఎనిమిది శతాబ్దములకు పైబడి ఒక జనసముదాయము తన మృతవీరులకు ఏటేట నివాళి యర్పించుట సామాన్య విషయము గాదు.

ఈ గాథను తెరకెక్కింప సంకల్పించిన మహనీయుడు గూడవల్లి రామబ్రహ్మము. 1938లో ‘మాలపిల్ల’ను, 1939లో ‘రైతుబిడ్డ’ను నిర్మించి, చలనచిత్రమునకు సంఘము ఎదుట నిలువబడి మాటలాడు ధైర్యము నేర్పినవాడాయన. అట్టివాడు పల్నాటి కథను చేపట్టుటలో ఆశ్చర్యము లేదు. సర్వవర్ణములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి భుజింపజేసిన బ్రహ్మనాయుని చాపకూడు, ఆ పక్షమున సేనానాయకత్వము వహించిన మాల కన్నమదాసు శౌర్యము, ఇవన్నియు ఆయన హృదయమునకు దగ్గరివి. చిత్రము పూర్తికాక మునుపే 1946లో ఆయన అస్తమింపగా, ఎల్.వి. ప్రసాద్ మిగిలిన భాగమును పూర్తి చేసిరి. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన 1947లోనే ‘పల్నాటి యుద్ధం’ విడుదలయ్యెను. గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడుగను, కన్నాంబ నాయకురాలుగను నటించిన ఆ చిత్రమున బాలచంద్రుడు పాత్రను ఇరువదిమూడేండ్ల అక్కినేని నాగేశ్వరరావు, మాంచాల పాత్రను ఎస్. వరలక్ష్మి ధరించిరి. మరల 1966లో గుత్తా రామినీడు దర్శకత్వమున ఇదే కథ ఎన్.టి. రామారావు, భానుమతి ప్రధానపాత్రధారులుగా తెరపైకి వచ్చినపుడు హరనాథ్, జమున ఆ దంపతులైరి. రాజకీయము, రాయబారము, రణము ఎన్ని యున్నను ప్రేక్షకుని మనస్సున నాటుకొనునది ఒక్క రాత్రి. బాలచంద్రుడు సెలవు గైకొనుటకు మాంచాల యింటికి వచ్చిన రాత్రి.

ఆ రాత్రికి ముందు జరిగినదానిని స్మరింపవలెను. యుద్ధమునకు రావలదని తండ్రి ఇంట నిలిపిన బాలచంద్రుడు బొంగరములాడుచుండ, ఎగిరిన బొంగరము ఒక కోమటి యిల్లాలి కాలికి తగిలినది. తండ్రి రణభూమిలో నుండగా నీకీ ఆటలేమని ఆమె ఎత్తిపొడిచినది. ఆ మాటతో మేల్కొనిన కుమారుడు తల్లియైన ఐతాంబ యొద్దకు పోయి అనుజ్ఞ యడిగెను. ఆమె బహువిధముల వారించి, వినడని తెలిసిన పిమ్మట, నీ భార్యకు చెప్పి పొమ్మనినది. పెండ్లియైన నాటినుండి శ్యామాంగి యను వేశ్య యింట కాలము పుచ్చుచు భార్య మొగమైన చూడని కుమారుడు, ఆమె సౌందర్యమునకు వశుడై రణమును మరచునని ఆ తల్లి ఆశ. కన్నతల్లి ఆశను నిందించుటకు నాకు నోరు రాదు. అయినను ఆ ఆశ కోడలిని ఒక పాశముగా వినియోగింప జూచినదని చెప్పక తప్పదు. మాంచాల మనస్సు ఏమని ఐతాంబ అడుగలేదు. ఆమె రూపము చాలుననుకొనినది.

మాంచాల స్థితిని తలచి చూడుడు. పెండ్లినాడు ఆమె యిష్టమును ఎవ్వరు నడిగిరో కథ చెప్పదు. భర్త వేరొకతె యింట నున్నన్నాళ్లును ఆమెను ఎవ్వరును అడుగలేదు. బ్రతుకంతయు ఇతరుల నిర్ణయములతోనే గడచిన ఆ యువతికి, పోవుదునా మానుదునా యని ఒక మనుష్యుడు ఎదుట నిలిచి అడిగిన మొదటి ప్రశ్న ఆ రాత్రి ఎదురైనది. ఆపుటకు ఆమెకు గల హక్కు లోకములో మరెవ్వరికిని లేదు. ఇన్నాళ్ల ఎడబాటునకు పరిహారముగా ఒక్క రాత్రిని, దాని వెంట ఒక జీవితమును కోరినను తప్పుబట్టగలవారు లేరు. ఆపగల శక్తియు ఆమె యందున్నది. ఐతాంబ నమ్మకము వట్టిది గాదు. హక్కును శక్తియు రెండును చేతనుండగా ఆమె ఖడ్గమును తన చేతులతో తెచ్చి భర్త చేతి కిచ్చినది. శక్తి లేని చోట అంగీకారము లొంగుబాటగును. కాదనగలిగి ఔననినది గనుకనే మాంచాల మాటకు అంత విలువ కలిగినది. ఆమె భర్తను కోల్పోయినదని కథ చదివిన మనము కన్నీరు పెట్టుదుము. కాని ఆ రాత్రియే ఆమెకు భర్త లభించినాడన్న సంగతి గూడ విస్మరింపరాదు. శ్యామాంగి యింట తిరిగిన బాలచంద్రుడు ఎన్నడును ఆమెవాడు కాలేదు. ఆమెకు చెప్పి, ఆమె మాటకై వేచి, ఆమె చేతినుండి కత్తి నందుకొనిన బాలచంద్రుడు మాత్రమే ఆమెవాడు. కర్తవ్యము ఇచట ప్రేమను హరింపలేదు. రిక్తమైన దాంపత్యమునకు ప్రాణము పోసినది.

ఇచట ఒక సందేహమును దాటిపోరాదు. పెద్దలు సంధి తలపెట్టినపుడు యుద్ధమే కావలెనన్న యువకులలో అగ్రగణ్యుడు బాలచంద్రుడు. ఆ యుద్ధమున పల్నాడు శూన్యమైపోయినది; గెలిచినవారికిని మిగిలినది తక్కువ. అట్టివాని రణోత్సాహము ధర్మమే యందురా? మాంచాల అంగీకారము దానిని ధర్మముగా మార్చినదా? మార్చలేదని స్పష్టముగా చెప్పుచున్నాను. ప్రేమించినవారి అంగీకారము కర్తవ్యమును పవిత్రము చేయు మంత్రము గాదు. కర్తవ్యము వేరుగా న్యాయము ఎదుటను నిలువవలసియే యున్నది. అయితే ఆ అంగీకారమైనను పొందజాలనిది న్యాయపరీక్ష దాక పోనక్కరయే లేదు. ఆ తొలి పరీక్షలోనే ఓడిన కథ మన చరిత్రలో నొకటి కలదు.

1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలినది. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరము పూసపాటి విజయరామరాజు బలములు ముట్టడించి యుండగా, ఓటమి నిశ్చయమని యెరిగిన కోటవారు తమ స్త్రీలను బిడ్డలను తమ చేతులతోనే హతమార్చి, పిమ్మట తామును పోరి పడిపోయిరని ఓర్మ్ మొదలగు చరిత్రకారులు వ్రాసిరి. 1964లో సి. సీతారామ్ దర్శకత్వమున వచ్చిన ‘బొబ్బిలి యుద్ధం’లో బొబ్బిలి ప్రభువు రంగారాయలుగా రామారావు, సేనాని తాండ్ర పాపారాయుడుగా ఎస్.వి. రంగారావు, రాణి మల్లమ్మగా భానుమతి నటించి ఆ విషాదమును ఇంటింట స్మరణీయము చేసిరి. విజయరామరాజుపై పాపారాయుని ప్రతీకారమును తలచి మన గుండెలుప్పొంగును; ఆ పౌరుషమును నేను చిన్నబుచ్చను. కాని కోటలోపల మరణించిన ఆ తల్లులను, ఆ పసికందులను, మీ మాట యేమని ఎవరడిగిరి? శత్రువు చేతబడుట కంటె చావు మేలని కొందరు తామే కోరి యుందురు. పాలు మరువని బిడ్డ కోరజాలదు గదా! మానరక్షణ మను కర్తవ్యము అచట ప్రేమ నోరు మూసి తన పని నెరవేర్చినది. బొబ్బిలి వీరులకు చేయెత్తి నమస్కరించునపుడు ఆ అడుగని ప్రశ్నను గూడ స్మరించుట మన ధర్మము.

ఇక సముద్రమునకు ఆవల పుట్టిన ఒక చిత్రమును స్మరింతును. యుద్ధకాలపు ప్రేమచిత్రములన్నిటికిని తలమానికమని లోకము మెచ్చిన ‘కాసాబ్లాంకా’. మైఖేల్ కర్టిజ్ దర్శకత్వమున నిర్మింపబడి 1942 నవంబరు 26న న్యూయార్కు నగరమున ప్రదర్శింపబడిన నాటికి, మిత్రరాజ్యముల సైన్యములు ఉత్తర ఆఫ్రికా తీరమున దిగి మూడు వారములైన కాలేదు. హిట్లరు దౌష్ట్యమునకు వెరచి ఐరోపా విడిచి వచ్చిన శరణార్థులే ఆ చిత్రమున పెక్కు పాత్రలు ధరించిరి. కావున తెరపై కనుపించు ఆ భయము, ఆ నిరీక్షణము కేవలము నటనమని చెప్పజాలము. కథ మీకు తెలిసినదే. 1940లో పారిసు నగరము జర్మనుల వశమగుచుండ, కలిసి రైలెక్కుదమని మాట యిచ్చిన ఇల్సా రాక, ఒక చీటి మాత్రము పంపినందున ఆమె ప్రియుడు రిక్ హృదయము రాయియైపోయినది. చనిపోయినాడనుకొనిన ఆమె భర్త లాజ్లో, నాజీలను ఎదిరించు ఉద్యమమున ముఖ్యుడు, బ్రతికియున్నాడని ఆ దినములలో ఆమెకు తెలిసినది. ఆమె చేసినది కర్తవ్యమే. రిక్‌ను గాయపరచినది ఆ కర్తవ్యము గాదు, దానిని తనకు చెప్పకపోవుట. ఏడాదిన్నర తరువాత కాసాబ్లాంకాలో ఆమె నోట సత్యము వెలువడినంతనే ఆ గాయము మాను పట్టుటయే దీనికి సాక్ష్యము. తుదకు విమానాశ్రయమున రిక్ ఆమెను భర్తతో పంపివేయును. మన యిద్దరి కొరకును నీవే ఆలోచింపుమని ఆమె ఆ భారమును ముందే అతనిపై నుంచినది నిజమే; అయినను ఆ నిర్ణయమును చివరి నిమిషము వరకు ఆమెకు తెలియనీయకుండుట నాకొక కొరతగా తోచును. లోకమంతయు మెచ్చిన ఆ త్యాగము పక్కన మాంచాల ఖడ్గము నుంచి చూచినచో, ఇందులో ఎవరు ఎవరికి అధిక గౌరవమిచ్చిరో తెలిసికొనుట కష్టము గాదు. రిక్ ఇల్సా కొరకు నిర్ణయించినాడు. బాలచంద్రుడు మాంచాల నిర్ణయమునకై నిలిచినాడు.

మన కాలమునకు వత్తము. 2015 అక్టోబరు 22న విడుదలయై, ఆ యేటి ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము పొందిన ‘కంచె’ తెలుగు తెరపై రెండవ ప్రపంచయుద్ధమును చిత్రించిన అపురూపమైన ప్రయత్నము. ఆ యుద్ధమున ఇరువదియైదు లక్షలకు పైబడిన భారతీయులు సైన్యమున చేరిరి. ఇటలీ రంగమున పోరినవారే సుమారు 50,000 మంది, అచట నేలకొరిగినవారు ఐదువేలకు మించిరి. తమది గాని దేశమున, తాము ఎన్నుకొనని ప్రభుత్వము కొరకు ప్రాణములర్పించిన ఆ సైనికులను మన సాహిత్యము సరిగా స్మరింపలేదు. దర్శకుడు క్రిష్ ఆ లోటును కొంతవరకు తీర్చినాడు. వరుణ్ తేజ్ ధరించిన దూపాటి హరిబాబు చిన్నకులమువాడు. ప్రగ్యా జైస్వాల్ ధరించిన సీతాదేవి జమీందారీ వంశపు కన్య. వారి ప్రేమ గ్రామమున కంచెలు లేపి, సీత ప్రాణమును బలిగొన్నది. ఏండ్ల పిమ్మట ఆ హరియు, సీత అన్నయగు ఈశ్వరుడును ఒకే సైన్యమున, పరాయి గడ్డపై, ఒకే శత్రువునకు ఎదురు నిలువవలసి వచ్చినది.

ఈ చిత్రమున కర్తవ్యములు రెండున్నవి. రెండింటి ముఖములును ఒక్కతీరున గంభీరములే. వంశగౌరవమును నిలుపుట ఈశ్వరుడు తనకు తాను విధించుకొనిన కర్తవ్యము. చెల్లెలి బ్రతుకు దాని మూలమున నిర్ణయింపబడుచుండగా, నీ మనస్సేమని అన్న చెల్లెలిని అడుగలేదు. అడిగినచో ఆ కర్తవ్యము ఆ క్షణమే కూలియుండును. అడుగకుండుట మీదనే దాని మనుగడ యంతయు ఆధారపడి యున్నది. హరి యుద్ధభూమిలో నాజీల బారినుండి పసిబిడ్డను, ఎన్నడును ఎరుగని గ్రామస్థులను కాపాడుటకు ప్రాణమొడ్డును. సీత బ్రతికియుండి, నేను పోవుదునా యని అతడడిగియుండినచో ఆమె యేమనెడిదో ప్రేక్షకునికి సందేహము కలుగదు. మరణించిన ప్రియురాలి సమ్మతిని గూడ తన కర్మచే పొందగలిగినవాడు హరి. బ్రతికియున్న చెల్లెలి సమ్మతిని పొందనొల్లనివాడు ఈశ్వరుడు. కులమను కంచె మొదట ఊరిలో వెలయదు, మనుష్యుల నడుమ నుండవలసిన ఈ ప్రశ్నోత్తరముల మీద వెలయును. చివర ఈశ్వరునికి కలిగిన కనువిప్పు యుద్ధము నేర్పిన పాఠము. అంతటి మూల్యము చెల్లింపక నేర్చుకొనుటకు మనకు వీలున్నది.

2022 ఆగస్టు 5న వచ్చిన ‘సీతారామం’ మన హైదరాబాదు నగరముతో ముడివడిన కథ. హను రాఘవపూడి దర్శకత్వమున దుల్కర్ సల్మాన్ పోషించిన లెఫ్టినెంట్ రామ్ తల్లిదండ్రులు లేనివాడు, కాశ్మీరమున విధులు నెరవేర్చువాడు. నాకెవ్వరును లేరనిన ఆ సైనికునికి ఉత్తరములు వ్రాయుడని ఆకాశవాణి ప్రజలను కోరగా, సీతామహాలక్ష్మి యను పేర ఒక ఉత్తరము వచ్చును. ఆ పేరు వెనుక నున్నది హైదరాబాదు రాజకుమారి నూర్జహాన్. ఆ పాత్రలో మృణాల్ ఠాకూర్ కనబరచిన సంయమము చిరకాలము నిలువదగినది. ఆమె రాజవంశపు కట్టుబాట్లను విడిచి అతని చిన్న యింటికి పోవును. అతడు ఆజ్ఞానుసారము సరిహద్దు దాటి, ఒక పసిపిల్లను కాపాడబోయి శత్రువులకు చిక్కును. తిరిగి వచ్చినవాడు అతని తోడి సైనికుడు. దేశద్రోహి యను నింద మాత్రము రామునిపై నిలిచినది. మరణమునకు ముందు అతడు చెరలో వ్రాసిన ఉత్తరము ఇరువది యేండ్లు మరుగున పడి, 1985లో, ఆనాడు అతడు కాపాడిన ఆ పిల్లయే పెద్దదై మోసికొనిరాగా గమ్యము చేరును.

ఈ కథ నడక యంతయు ఒక్క సూత్రముపై ఆధారపడినది: మిగిలిపోయిన మనిషికి సత్యము తెలిసికొను హక్కు కలదు. రణకార్యమునకు రహస్యము కావలెను, ఉద్యోగమునకు ఆజ్ఞాపాలనము కావలెను. వానిని రామ్ ఉల్లంఘింపలేదు. కాని తానేల తిరిగిరాలేదో, తాను ద్రోహి గాడని తన సీతకు చెప్పుట గూడ తన కర్తవ్యమేనని అతడు తలచినాడు. ఆ ఉత్తరము చేరకున్నచో అతని వీరమరణము సగమే నెరవేరెడిది. ఇరువది యేండ్లు అపకీర్తిని, అనిశ్చయమును ఏకాంతముగా మోసిన ఆమె నిరీక్షణమును చూచినవారికి, సైనికుని త్యాగము కంటె నిరీక్షించువారి త్యాగము చిన్నదని చెప్పుటకు మనసొప్పదు. పేరు దాచి ప్రారంభమైన ప్రేమ, నిజము చేరుటతో పరిపూర్ణమగుట యందలి సౌష్ఠవము గూడ గమనింపదగినది. ఆమె దాచినది మొదట, చివర అతడు ఏమియు దాచలేదు.

ఇంతవరకు చెప్పినదానికి రెండు ఆక్షేపణలు రావచ్చును. మొదటిది: సైనికుడు పోవు చోటు, చేయు పని ఇంటివారికి చెప్పుటకు చట్టము అంగీకరింపదు గదా, అట్టి యెడ నీ సిద్ధాంతమేమగును? సమాధానము సులభమే. రణవ్యూహమును చెప్పుమని ఏ ప్రేమయు కోరదు. ఎట్టి జీవితమున అడుగుపెట్టుచున్నామో, దానిలో ఎట్టి లేమి కలదో, తిరిగి రాకపోవుట సంభవమేనని, ఈ మూడు సంగతులు పెండ్లికి ముందే చెప్పవచ్చును; చెప్పిన పిమ్మట ఎడబాటులన్నియు ఆ తొలి అంగీకారము క్రిందనే చేరును. రెండవ ఆక్షేపణ కఠినమైనది. స్త్రీ కాదనుటకు సంఘము వీలీయనపుడు ఆమె ఔననుటకు విలువ యేమి? వీరపత్నివి కమ్మని చుట్టునున్నవారందరు నొత్తిడి చేయునపుడు ఆమె చేతి ఖడ్గము ఆమెదేనా? ఈ ప్రశ్న న్యాయమైనది, దీనిని మన వీరగాథలన్నిటికిని వేయవలసియున్నది. మాంచాల విషయమున నాకు సమాధానము కనుపించుచున్నది: చుట్టునున్నవారు కోరినది ఆమె ఆపవలెననియే, ఆమె వారి కోరికకు ఎదురు పోయినది. కాని ప్రతి మాంచాలకును అట్టి ఆవరణము లభింపదు. అందుచేతనే కాదనగల స్వేచ్ఛను ఇంట, వీథిలో, చట్టమున పెంపొందించుట, నిజమైన ఔనును వినగోరు ప్రతివానికి మొదటి కర్తవ్యము. ఆ స్వేచ్ఛ లేని సంఘము తన వీరుల త్యాగమును గూడ సంపూర్ణముగా నమ్మజాలదు.

ఇవి సినిమా కథలు గదా, మనకేమి పని యని భావింపవలదు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 16వ బిహార్ పటాలమునకు నాయకత్వము వహించుచు వీరస్వర్గమలంకరించిన కర్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ, కోరుకొండ సైనిక పాఠశాల విద్యార్థి. దేశము ఆయనకు మరణానంతరము మహావీరచక్రము సమర్పించినది. కొలది వారములకే ఆయన ధర్మపత్ని తెలంగాణ ప్రభుత్వమున డిప్యూటీ కలెక్టరు బాధ్యతను స్వీకరించిరి. ఇంటివారి దుఃఖమును గూర్చి మాటలాడుటకు నేనెవ్వడను. కాని మిగిలినవారు కర్తవ్యమునకు బలియైన వస్తువులు గారనియు, తమ వంతు కర్తవ్యమును మోయు స్వతంత్రవ్యక్తులనియు ఆ చర్య లోకమునకు చాటినదని మాత్రము చెప్పుదును.

ఇక ఈ ఊరి మాట. 1998లో సైబర్ టవర్స్ వెలసిన నాటినుండి హైటెక్ సిటీ పెరుగుచుండగా, దాని వెంట ఈ నిజాంపేటయు పెరిగి, బాచుపల్లి, ప్రగతినగరములతో కలిసి 2019లో నగరపాలక సంస్థయైనది. గుంటూరు, పల్నాడు, కృష్ణ, ఖమ్మము, నల్లగొండ సీమలనుండి వచ్చినవారితో ఈ అపార్టుమెంట్లు నిండియున్నవి. ఇచట రణభేరి మ్రోగదు. కాని రాత్రివేళ కొలువునకు పోవు భర్త, అమెరికాలో ప్రాజెక్టు వచ్చినదని వారములో బయలుదేరు కుమారుడు, తల్లిదండ్రుల చాకిరికై ఉద్యోగమును వదలుకొను కుమార్తె, ఎడబాటు కథలు ప్రతి అంతస్తునను జరుగుచునే యున్నవి. వారిలో పెక్కుమంది, ఇంటివారి మేలు కొరకే గదా యని తమ నిర్ణయమును ఇంటివారికి తుదిలో తెలుపుదురు. మేలు చేయుచున్నామను ధీమా, అడుగవలసిన అవసరమును మరపించును. టికెట్టు కొనిన పిమ్మట తల్లికి చెప్పుట సమాచారమిచ్చుట. కొనకముందు ఆమెతో కూర్చుండి మాటలాడుట అనుమతి గోరుట. మొదటిదానిలో ఆమె వినునది, రెండవదానిలో ఆమె నిర్ణయించునది. పోవలసిన పయనము ఆగకపోవచ్చును. పోవుట యందలి భారమును ఇద్దరు పంచుకొనుట మాత్రము ఆ సంభాషణముననే సాధ్యము.

ఉపసంహరింతును. ప్రేమకును ధర్మమునకును సహజవైరము కలదని నేను నమ్మను. ధర్మమును ఏకాకిగా మోయవలెనను అహంకారమును, ప్రేమించినవారిని నిర్ణయమునకు అనర్హులుగా నెంచు అలవాటును, ఆ రెండింటి నడుమ వైరమును కల్పించుచున్నవి. ప్రేమను జయించిన ధర్మమును కీర్తించు పాటలు మనకు చాలినన్ని యున్నవి. ప్రేమను సంప్రదించిన ధర్మమును కీర్తించునవి తక్కువ. మన రచయితలు, దర్శకులు ఇకమీదట యుద్ధకథను చెప్పునపుడు, కత్తి పట్టినవాని ముఖముతోబాటు కత్తి నిచ్చినదాని ముఖమునకును అంతే వెలుగు ప్రసరింపజేయవలెనని కోరుచున్నాను. మన యిండ్లలో పెద్దలు, పిల్లలు పెద్ద నిర్ణయము నెదుర్కొనునపుడు, దానిని ముందుగా చెప్పుకొని, కాదను మాటను గూడ ఓర్పుతో విని, ఆ తరువాతనే నడుము కట్టవలెనని వేడుచున్నాను. అట్లు చేసినవాడు ఎచటికి పోయినను ఒంటరిగా పోవడు. ఇంట మిగిలినవారును ఒంటరిగా మిగులరు.